అత్తయ్యకు వినిపించిన హమ్మింగు

పోయిన నెలలో ఇల్లు మారాం. జర్మనీలో ఊరు అదే జిండెల్ఫింగెన్, రెండు వీధుల అవతలికి. పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న పాపానికి కెల్లర్ నిండా సామాను పేరుకుపోయింది. ఇక్కడ ప్రతి వాటాకీ కింద నేలమాళిగలో ఒక గది ఇస్తారు. పారేయడానికి మనసొప్పనివన్నీ అక్కడికి చేరతాయి. ఆ సామాను ఖాళీ చేస్తుంటే వెట్ గ్రైండరు వెనక ఒక తెల్లటి ఎక్స్‌టెన్షన్ బాక్సు కనిపించింది. ఐదు సాకెట్లు, ఒక ఎర్ర దీపం, లావుపాటి మూడు పిన్నుల ప్లగ్గు, ఆ ప్లగ్గు మూతికి బిగించిన అడాప్టరు. మావారు దాన్ని చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి, "దీన్ని వెర్ట్‌స్టాఫ్‌హోఫ్‌లో పడేసి వస్తాను" అన్నారు. పాత సామాను తీసుకునే యార్డు అది. "పడేద్దురుగాని, ముందు నన్ను దీని గురించి రాసుకోనివ్వండి" అన్నాను. "ఏముంది రాయడానికి?" అన్నారు. "మీ అమ్మగారు ఉన్నారు" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా బాక్సుని మెట్టు మీద పెట్టి పైకి వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళ సంసారంలో ఆయన నోరు ఇంత సులువుగా మూతపడే విషయం ఇదొక్కటే. అందుకని అప్పుడప్పుడూ వాడుకుంటూ ఉంటాను.

ఈ బాక్సు సంగతి ముందు చెప్పాలి. మనవాళ్ళు ఇక్కడికి వచ్చేటప్పుడు మిక్సీ తెచ్చుకుంటారు, గ్రైండరు తెచ్చుకుంటారు. ఇక్కడి మిక్సీలో కొబ్బరి పచ్చడి నలగదని ఎవరో చెప్పగా విని, అది నిజమో కాదో చూడకుండానే తెచ్చుకుంటారు. వాటి ప్లగ్గులు ఇక్కడి గోడల్లో పట్టవు. అందుకని మన దేశంలోనే ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు కొని, దాని చివర ఎయిర్‌పోర్టులో దొరికే అడాప్టరు తగిలిస్తే పని జరిగిపోతుంది. నేను వెళ్ళిన ప్రతి తెలుగువాళ్ళ ఇంట్లోనూ, సోఫా వెనకో వంటగట్టు పక్కనో ఇది ఒకటి ఉండి తీరుతుంది. పెద్ద పెద్ద ఇంజినీర్ల ఇళ్ళల్లోనూ ఉంటుంది. ఇన్నేళ్ళయింది, ఒక్కరైనా దాన్ని తిరగేసి చూసిన పాపాన పోలేదు.

మావారు కార్ల ఫ్యాక్టరీకి పనిచేసే ఇంజినీరు. కారులో మోటార్లు, వైపర్లు, ఛార్జర్లు అన్నీ కరెంటు గోల చేస్తాయట. ఆ గోల రేడియోలోకి దూరకుండా చూడటం ఆయన ఉద్యోగం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ గెలిచేసి, ఇల్లు ఎలాగూ గెలిచినట్టేనని కూర్చున్నారు. హాల్లో ఆయనకో ఆడియో సిస్టం ఉండేది. నడుమెత్తు స్పీకర్లు రెండు, ఒక సీడీ ప్లేయరు, కోఠిలో పాతవి బాగుచేసే ఒకాయన దగ్గర ఏరికోరి కొన్న ఇనప ఒంటి ఆంప్లిఫయరు ఒకటి. దాన్ని విమానంలో పైన పెట్టనివ్వకుండా కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చారు. దాని మీద దుమ్ము తుడవాలన్నా నేను ఆయన్ని అడిగి తుడవాలి. దాని తీగ కూడా మన మూడు పిన్నులదే కాబట్టి, మిక్సీకీ గ్రైండరుకీ పట్టిన గతే దానికీ పట్టింది. ఆ తెల్ల బాక్సులోకి వెళ్ళింది.

ఆ సిస్టంలో పాటకీ పాటకీ మధ్య గుయ్‌మని సన్నటి శబ్దం వచ్చేది. కందిరీగని సీసాలో పెట్టి మూత బిగించినట్టు ఉండేది. మొదట కనిపెట్టింది మావారే. కనిపెట్టి ఊరుకున్నారా? బొటనవేలంత లావు తీగలు తెప్పించారు. కరెంటుని వడగట్టే ఫిల్టరు పెట్టె ఒకటి తెప్పించారు. తీగల చుట్టూ బిగించే నల్లటి పూసలు తెప్పించి, వాటిని ప్రతి తీగకీ తొడిగారు. పార్సిలు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి కూర్చోబెట్టి, "విను, పోయింది చూశావా?" అనేవారు. వినేదాన్ని. పోయేది కాదు. "పోయిందండీ" అనేదాన్ని. కొన్న మనిషికి పోయింది, ఊరికే కూర్చున్న నాకు పోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న మనిషితో నాలుగో కాలు గురించి వాదించే ఓపిక నాకు లేదు.

ఇలా ఉండగా, రెండువేల ఇరవై ఫిబ్రవరిలో మా అత్తయ్య కాకినాడ నుంచి వచ్చారు. మూడు నెలలు ఉండి వెళ్ళాలని వచ్చారు. వచ్చిన నెలకి విమానాలు ఆగిపోయాయి. అప్పటికి ఆవిడకి డెబ్భై ఒకటి. మావారికి ఆరేళ్ళు, మా ఆడపడుచుకి రెండేళ్ళు ఉన్నప్పుడు మామగారు పోతే, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి ముప్పై ఏళ్ళు పనిచేసి ఇద్దర్నీ పెంచిన మనిషి. చెవికి హెడ్‌సెట్టు పెట్టుకుని, ఊళ్ళ మధ్య లైన్లు కలుపుతూ, ఏ లైన్లో ఏ రోగం ఉందో శబ్దాన్ని బట్టి చెప్పేవారట. చిటపటలాడితే జాయింటు తడిసింది, పక్కవాళ్ళ మాటలు వినిపిస్తే తీగలు ఒరుసుకుంటున్నాయి, గుయ్‌మంటే ఎర్తు పోయింది. ఒకసారి పైఆఫీసు నుంచి వచ్చిన ఇంజినీరు లైను బాగుందని రాసి ఆవిడని సంతకం పెట్టమన్నాడట. ఆవిడ దాని కింద "బాగోలేదు" అని రాసి మరీ సంతకం పెట్టారట. బదిలీ చేయిస్తానంటే చేయించుకోమన్నారట. రెండు రోజుల తర్వాత తవ్విస్తే తడిసిన జాయింటు బయటపడింది. ఈ కథ పెళ్ళయిన కొత్తలో విన్నాను, విని నవ్వుకుని మర్చిపోయాను.

ఆ మార్చిలో ఊరంతా సద్దుమణిగిపోయింది. రోడ్డు మీద కార్లు లేవు, పైన విమానాలు లేవు, ఫ్యాక్టరీ షిఫ్టులు లేవు. నేను పనిచేసే కిటా, అదే పసిపిల్లల బడి, మూసేశారు. చిన్నపిల్లల అరుపులు లేక నా చెవులకే ఏదో వెలితిగా ఉండేది. మావారిని కుర్జ్‌ఆర్బైట్, అంటే పనిగంటల కోత, అని చెప్పి వారంలో సగం రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. మా పిల్ల తొమ్మిదో క్లాసు పాఠాలు తన గదిలో కంప్యూటరు ముందు వింటోంది. బయటి గోల పోయేసరికి ఇంట్లో గోల పైకి తేలింది. ఒకరోజు కాఫీ తాగుతూ అత్తయ్య గ్లాసు కింద పెట్టి, "అబ్బాయ్, నీ పెట్టెలో హమ్మింగు ఉందిరా" అన్నారు.

"లేదమ్మా. అది ఎప్పుడో తీసేశాను" అన్నారు మావారు.

"తీసేస్తే నాకెందుకు వినపడతది?" అని ఆవిడ నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నీకు వినపడట్లేదూ?"

నేను కుక్కరు మూత తుడుస్తున్నాను. ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. "లేదత్తయ్యా" అన్నాను. ఎందుకన్నానంటే ఇప్పుడు సిగ్గుగానే ఉంది చెప్పడానికి. భయపడి కాదు. అన్నాళ్ళుగా "పోయిందండీ" అంటూ వచ్చినదాన్ని, ఇప్పుడు ఉందంటే పాతవన్నీ అబద్ధాలైపోతాయి. నలుగురం ఒకే కప్పు కింద ఇరుక్కుని ఉన్నాం, మాటా మాటా పెరిగితే అలిగి వెళ్ళడానికి ఎవరికీ ఏ చోటూ లేదు. ఒక చిన్న మాటతో ఇంట్లో శాంతి దొరుకుతుందనుకున్నాను. ఆ చిన్న మాట ఎంతదాకా పోతుందో అప్పుడు నాకు తెలియదు.

అత్తయ్య వదల్లేదు. సిస్టం పెట్టినప్పుడల్లా "అదిగో" అనేవారు. మావారు ఫిల్టరు పెట్టె చూపించి, లోపల ఏమేం ఉన్నాయో చెప్పి, తన ఉద్యోగం ఏమిటో గుర్తుచేసేవారు. ఆవిడ తీగల మీదున్న పూసలని వేలితో కదిపి, "తీగలకి నల్లపూసలు కట్టావేంట్రా? సౌభాగ్యం బాగుంది గానీ హమ్మింగు పోలేదు" అనేవారు. పట్టు తప్ప అందులో వెటకారం తక్కువే. కానీ మావారు నెట్‌లో చదవడం మొదలుపెట్టారు. పెద్దవయసులో చెవుల్లో లేని శబ్దాలు వినిపిస్తాయట. ఒంటరిగా ఉండేవాళ్ళకి మరీనట. అవి ముందు చెవితో మొదలై తర్వాత బుర్రకి ఎక్కుతాయట. చదివిందంతా విశాఖపట్నంలో ఉన్న చెల్లెలికి పంపేవారు. ఆవిడ ఇంకో రెండు పంపేది.

మే నెలలో ఒక సాయంత్రం మా గదిలో తలుపు వేసుకుని, అన్నాచెల్లెళ్ళిద్దరూ వీడియోలో మాట్లాడుకున్నారు. నేను మంచం చివర కూర్చుని ఉన్నాను. విమానాలు మొదలవగానే అమ్మని తిన్నగా విశాఖపట్నం పంపాలి, కాకినాడలో ఒంటరిగా ఉండనివ్వకూడదు, ఆ ఫ్లాటు అమ్మేయాలి. ఆ ఫ్లాటు అత్తయ్య తన సొంత పీఎఫ్ డబ్బుతో కొనుక్కున్నది. రెండు గదులు, తలుపు మీద ఆవిడ పేరు. లేని శబ్దం వినే మనిషి గ్యాసు కట్టేశానో లేదో ఏం చూసుకుంటుంది అని ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. ప్రేమ లేక కాదు, ఇద్దరికీ నిజంగానే దిగులు. "నువ్వేమంటావు?" అని నన్నడిగారు. నా చెవుల్లో హాల్లోని గుయ్ శబ్దం వినిపిస్తూనే ఉంది. నేను తలూపాను.

జర్మన్ ఇళ్ళ గోడలు లావే గానీ తలుపులు పల్చన. మర్నాడు పొద్దున్న అత్తయ్య స్నానం చేసి, తల దువ్వుకుని, ఉన్ని సాక్సులతో వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు.

"నా ఇల్లు అమ్మేముందు నన్నొక మాట అడగాలని తోచలేదేంట్రా మీకు?"

మావారు తడబడ్డారు. "అదికాదమ్మా... చెవి డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికింది. ఆరు వారాలకిచ్చారు. ముందు చూపిద్దాం."

"ఆరు వారాలెందుకు? నాకు అరగంట చాలు. ఆదివారం భోజనాలయ్యాక నే చెప్పినట్టు చెయ్యి. నాకు వినపడేది నా బుర్రలోదైతే, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. నీ చెల్లెలింటికెళ్ళి మూల కూర్చుంటాను. పెట్టెలోదైతే మాత్రం ఇంకోసారి నా ఇంటి ఊసెత్తడానికి లేదు. ఆ పిల్లకీ అదే చెప్పు."

ఆవిడ గొంతు పెంచలేదు. ఇల్లు పందెం పెట్టిన మనిషి అంత నిబ్బరంగా కాఫీ తాగడం నేనెక్కడా చూడలేదు.

ఆదివారం రానే వచ్చింది. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం ఎవరూ గోడకి మేకు కూడా కొట్టరు. ఇల్లంతా నిశ్శబ్దం. అత్తయ్య అన్నీ ఆపించారు. ఫ్రిజ్, కంప్యూటర్లు, ఇంటర్నెట్ పెట్టె, గోడ గడియారంలో బ్యాటరీ కూడా. ఇంటర్నెట్ పోయినందుకు మా పిల్ల "మన్, మామ్మా!" అని జర్మన్ పిల్లల్లాగా విసుక్కుంది గానీ ఆవిడ లక్ష్యపెట్టలేదు. సిస్టంకి వీపు పెట్టి, బాల్కనీ వైపు తిరిగి కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకున్నారు. "పదిసార్లు చెయ్యి. వేస్తావో తీస్తావో నీ ఇష్టం. నాతో చెప్పకు. ఉందో లేదో నే చెప్తాను."

మావారు మొదలుపెట్టారు. టక్. "ఉంది." టక్. "లేదు." టక్. "ఉంది." ఆయన మోసం కూడా చేశారు. పక్కనున్న లైటు స్విచ్చు నొక్కి ఆంప్లిఫయరు స్విచ్చులా టక్కుమనిపించారు. "అది వేసిందీ కాదు తీసిందీ కాదు, ఉత్త చప్పుడు. హమ్మింగు అట్టాగే ఉంది" అన్నారావిడ. ఏడోసారికి మావారి నుదుటి మీద చెమట పట్టింది. పదికి పది. నాకూ పదికి పది. సోఫాలో కూర్చుని నోరు కదపకుండా మనసులో చెప్పుకుంటూ వచ్చాను.

నెగ్గినందుకైనా ఆవిడ నవ్వలేదు. మావారు మాత్రం ఇంజినీరు కదా, "ఏదో ఉంటే ఉండొచ్చమ్మా. చాలా తక్కువ. అంత తక్కువ మామూలు మనుషులకి వినిపించదు. ఇంట్లో నాకు వినిపించదు, తనకీ వినిపించదు" అని నా వైపు చెయ్యి చూపించారు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద సగం, నా మీద సగం. పదికి పది సరిగ్గా చెప్పిన మనిషిని మామూలు మనుషుల్లోంచి తీసేయడానికి నన్ను సాక్ష్యం పిలుస్తున్నారు. "నాకు వినిపిస్తోంది" అన్నాను. "మార్చి నుంచీ వినిపిస్తోంది. అంతకు ముందు నుంచీ కూడా. మీ లావు తీగలు వచ్చిన రోజూ వినిపించింది, పూసలు వచ్చిన రోజూ వినిపించింది. నేను అబద్ధం చెప్పాను." అత్తయ్య నా వైపు తిరగను కూడా లేదు. కుర్చీలోంచి లేచి తిన్నగా ఆంప్లిఫయరు దగ్గరికి వెళ్ళారు.

దాని ఇనప ఒంటి మీద వేళ్ళ వెనకవైపు ఆనించారు. అరచెయ్యి కాదు, వేళ్ళ వెనకవైపు. లైన్‌మెన్ల అలవాటు అది. షాక్ కొడితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఆనిస్తే శబ్దం తగ్గింది. తీస్తే పెరిగింది. రెండుసార్లు చూపించారు. "జివ్వుమంటోంది. చెయ్యి పెడితే నాలోంచి భూమిలోకి పోతోంది, అందుకే తగ్గుతోంది. దీనికి ఎర్తు లేదురా."

"అమ్మా, జర్మనీలో ప్రతి సాకెట్‌కీ ఎర్త్ ఉంటుంది!"

"గోడకి ఉంది. ఎవడు కాదన్నాడు? గోడకీ దీనికీ మధ్యన ఏవుందో చూడు."

మావారు నేల మీద బోర్లా పడుకుని స్పీకరు వెనక్కి చెయ్యి పెట్టారు. తీగ పట్టుకుని లాగితే తెల్ల బాక్సు వచ్చింది, దాని చివర అడాప్టరు వచ్చింది. ఆ అడాప్టరుకి గోడవైపు ఉన్నవి రెండే పుల్లలు. ఆంప్లిఫయరు ప్లగ్గుకి ఎర్తు పిన్ను ఉంది, బాక్సుకి ఉంది, గోడలోనూ ఉంది. అడాప్టరు దగ్గరికి వచ్చి అది ఆగిపోయింది. ఫిల్టరు పెట్టె పట్టిన గోలంతా ఎర్తులోకే పోవాలి, ఆ ఎర్తే లేదు. ఇల్లంతా ఊడ్చి, చెత్త బయట పోయడానికి గుమ్మం లేని ఇల్లన్నమాట. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో మిక్సీ, గ్రైండరు, ఆంప్లిఫయరు అన్నీ అలాగే నడిచాయి. ఆ గ్రైండరుని తడిచేతులతో ముట్టుకున్నది నేనే. కార్లలో గోల లేకుండా చేసే పెద్దమనిషి ఆ అడాప్టరు చేతిలో పట్టుకుని నేల మీద అలాగే కూర్చుండిపోయారు.

ఆదివారం కొట్లు ఉండవు. మావారే లేచి, ఆఫీసు పని చేసుకునే కంప్యూటరు తెర వెనక నుంచి ఇక్కడి తీగ ఒకటి పీకి తెచ్చారు. ఆంప్లిఫయరు పాత తీగ ఊడదీసి పెడితే అది సరిగ్గా పట్టింది. తిన్నగా గోడలో పెట్టి స్విచ్చు వేశారు. ఆంప్లిఫయరు మీద దీపం వెలిగింది. ఏ శబ్దమూ లేదు. వేశారో లేదో అని నేను లేచి చూశాను. అత్తయ్య స్పీకరు దగ్గర చెవి పెట్టి, చాలాసేపు విని, ఎక్స్ఛేంజిలో లాగే అన్నారు, "లైన్ క్లియర్." తర్వాత అదే గొంతుతో, "ఆ ఇంటర్నెట్ పెట్టె వెయ్యి. చెల్లెలికి కలుపు. నేను మాట్లాడాలి" అన్నారు.

చెవి డాక్టరు టెర్మిన్ మిగిలిపోయింది. దొరికిన టెర్మిన్ వదులుకునే పాపం జర్మనీలో ఎవరూ చెయ్యరు. "నువ్వెళ్ళి చూపించుకో" అన్నారు అత్తయ్య. మావారు మాస్కు పెట్టుకుని వెళ్ళి వచ్చారు. డాక్టరు ఏమన్నాడో ఈనాటికీ చెప్పలేదు.

ఆగస్టులో విమానం దొరికింది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో మాస్కు మీద ప్లాస్టిక్ షీల్డు, చేతులకి తొడుగులు. మావారు చెప్పి ఉంచిన వీల్‌చెయిరు వస్తే, ఆవిడ దాంట్లో తన చేతిసంచీ పెట్టి పక్కన నడిచారు. లోపలికి వెళ్ళే ముందు మావారు కాగితాలు చూపిస్తుంటే, నన్ను దగ్గరికి పిలిచారు. మూడు నెలలుగా చెప్పాలనుకుని చెప్పలేని మాట అప్పుడు చెప్పాను. "అత్తయ్యా, ఆ రోజు మీరు అడిగినప్పుడే చెప్పాల్సింది. క్షమించండి."

షీల్డు వెనక ఆవిడ కళ్ళు నవ్వాయి. "నీకు వినపడిందని నాకు ఆవేళే తెలుసమ్మాయ్. అబద్ధం చెప్పేముందు ఊపిరి బిగబట్టావు. ముప్పై ఏళ్ళు లైను మీద ఊపిర్లు విన్నదాన్ని."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నే చెప్పిస్తే నా మాటవుద్ది. నీ అంతట నువ్వంటేనే నీది" అని, సంచీ సర్దుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

తిన్నగా కాకినాడే వెళ్ళారు. తన తాళం తనే తీసుకున్నారు, తన గ్యాసు తనే కట్టేసుకున్నారు. పోయినేడాది ఒక పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఆ ఇంట్లోనే వెళ్ళిపోయారు. కర్మకాండలకి వెళ్ళినప్పుడు వీధిలో అందరూ పాపం ఒక్కతే ఉండేది అన్నారు. నేను లెక్కవేసుకున్నాను, తిరిగి వచ్చాక నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. అంత కాలాన్ని మేం ముగ్గురం, ప్రేమగానే, తలుపు వేసుకుని ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకోబోయాం. ఆవిడ ఇవ్వలేదు.